వెన్ను వంకర ఉన్న పిల్లలకు సదరం సర్టిఫికెట్: దరఖాస్తు ఎలా?

ఎక్స్‌రేలో వెన్నెముక వంపు 10 డిగ్రీలు దాటితే డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. అంతమాత్రానికే సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ సర్టిఫికెట్, కోసం పరుగెత్తక్కర్లేదు. వంపు బాగా పెరిగి, క్లాసులో కూర్చోవడం, పుస్తకాల సంచి మోయడం, మెట్లెక్కడం కష్టమవుతున్న పిల్లలకి ఈ దరఖాస్తు పెట్టాలి.

ముందు మీ సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేయించండి. ఆధార్, ఫోన్ నంబరు పట్టుకెళ్లండి. పిల్ల పేరు, పుట్టినతేదీ ఆధార్‌లోనూ స్కూలు రికార్డులోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తర్వాత దిద్దించాలంటే అదో పెద్ద తలనొప్పి. స్లాట్ తేదీ, ఆసుపత్రి పేరు మెసేజ్‌లో వస్తాయి. కేంద్రం వారి స్వావలంబన్ పోర్టల్లో యూడీఐడీ కార్డుకి (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) సొంతంగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు సంగతి ఆసుపత్రి రోజున ఉంటుంది. మా మేనకోడల్ని తీసుకుని అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ బస్సెక్కాం. ఎండాకాలం, లోపల వెన్నుకి ఆసరాగా కట్టే ప్లాస్టిక్ బ్రేసు, చెమటకి నడుము దగ్గర చర్మం ఎర్రగా కమిలిపోయింది. తీరా వెళ్తే మా దగ్గరున్నది నడుము వరకే తీసిన ఎక్స్‌రే. వెనక్కి పంపేశారు. కాబట్టి నిలబెట్టి, మెడ నుంచి తుంటి దాకా వెన్నంతా కనిపించేలా తీసిన ఎక్స్‌రే ఉండాలి. వంపు కోణం, అంటే కాబ్ యాంగిల్, రిపోర్టులో రాయించుకోండి. ఆపరేషన్ జరిగుంటే డిశ్చార్జి సమ్మరీ, ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల పరీక్ష రిపోర్టు కూడా పెట్టండి.

డాక్టరు వీపు చూస్తారు, ముందుకి వంగమంటారు. ఆడపిల్లయితే లేడీ డాక్టరో నర్సో దగ్గరుండాలని మొహమాటపడకుండా అడగండి. ప్రశ్నలకి పిల్లనే చెప్పనివ్వండి. మా వదిన గడగడా అన్నీ చెప్పేస్తుంటే పిల్ల మధ్యలో, "మూడో పీరియడ్ నుంచి బల్లకి ఆనుకోకుండా కూర్చోలేనండి" అంది. డాక్టరు తలెత్తి చూసింది అప్పుడే.

వైకల్య శాతాన్ని వంపు కోణం ఒక్కటే తేల్చదు. ఒళ్లు ఒక పక్కకి ఒరగడం, నొప్పి, ఊపిరి ఇబ్బంది, నరాల బలహీనత కూడా లెక్కలోకి వస్తాయి. నిజం చెప్పాలంటే చాలామంది పిల్లలకి 40 శాతం రాదు. వస్తే, పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ కాలేజీ సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. కుటుంబానికి మిగతా అర్హతలుంటే నెలకి 6,000 రూపాయల పింఛనుకీ దరఖాస్తు చేయొచ్చు. 40 లోపు వస్తే తెల్ల రంగు యూడీఐడీ కార్డు ఇస్తారు. దాంతో పింఛను రాదు గానీ, డ్రిల్లు పీరియడ్ గురించి, బెంచి మార్చడం గురించి హెడ్‌మాస్టరుతో మాట్లాడ్డానికి పనికొస్తుంది.

శాతం తక్కువ వేశారనిపిస్తే గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. అసలు సర్టిఫికెట్టే ఇవ్వం అని వాళ్లంటే కారణం రాసివ్వమనండి, అది మీ హక్కు.

ఎదిగే వయసు కాబట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. గడువు తేదీ చూసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు పాత ఎక్స్‌రేలు అడుగుతారు. వానాకాలం చెమ్మకి మన దగ్గర ఫిల్ములు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మధ్యలో కాగితం పెట్టి బీరువాలో దాచండి.