పిల్లాపెద్దలతో బొనేర్‌కు డైవింగ్ సెలవులు: బస ఎలా ఎంచుకోవాలి?

కరీబియన్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు మేం స్విమ్మింగ్ పూల్ ఫొటోలు, అద్దె చూసి ఇల్లు తీసుకున్నాం. కిటికీలోంచి సముద్రం చక్కగా కనిపించేది. నీళ్లలోకి దిగాలంటే మాత్రం కారెక్కాల్సిందే. గాలి ట్యాంకులు, కాళ్లకు తొడుక్కునే ఫిన్లు, పిల్లల తువ్వాళ్లు సర్దుకుని బయల్దేరేసరికి సగం పూట గడిచిపోయేది. డైవింగ్ రాని మా అత్తయ్యగారు రోజంతా గదిలోనే ఉండిపోయారు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: కుటుంబంతో వెళ్తే, నీళ్లలోకి దిగనివాళ్లను దృష్టిలో పెట్టుకునే బస చూడాలి. డైవింగ్ వచ్చినవాళ్లు ఎక్కడున్నా ఎలాగోలా సర్దుకుంటారు.

ఆ తర్వాత మేం ఎంచుకున్న దీవి బొనేర్. కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

1. ముందు దీవి, తర్వాతే ఇల్లు

కరీబియన్‌లో తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అమెరికాలో ఉండే మన తెలుగు కుటుంబాలకు పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. బొనేర్ బాగా దక్షిణాన, వెనిజులా తీరానికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి పెద్ద తుపాన్లు ఇటు రావడం అరుదు. అసలు రావని కాదు, 1999లో లెన్నీ తుపాను అలలు ఇక్కడి పడమటి తీరాన్ని బాగానే దెబ్బతీశాయి. అయినా జూలైలో వెళ్లాలంటే నేను ముందు చూసేది ఈ దీవినే.

ఇంకో కారణం, ఇక్కడ డైవింగ్‌కు బోటు తప్పనిసరి కాదు. మెక్సికో దీవి కొజుమెల్‌లో పగడపు దిబ్బలు అద్భుతంగా ఉంటాయి, కానీ ప్రవాహం ఎక్కువ కాబట్టి సాధారణంగా బోటులోనే వెళ్లాలి. తల్లిదండ్రులు బోటెక్కితే పూటంతా పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? బొనేర్‌లో రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ల మీద డైవింగ్ చోటు పేరు రాసి ఉంటుంది. కారు ఆపి, ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు. దీవి చుట్టూ ఉన్న సముద్రం 1979 నుంచి రక్షిత మెరైన్ పార్కు.

2. ఇంట్లోవాళ్ల వయసులు కాగితం మీద రాసుకోండి

డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ నియమాల ప్రకారం 8 ఏళ్లు నిండిన పిల్లలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా 2 మీటర్ల లోతు వరకు డైవింగ్ రుచి చూడొచ్చు. పిల్లలకు మొదటి డైవింగ్ సర్టిఫికెట్ ఇచ్చే జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సు 10 ఏళ్ల నుంచి. 10, 11 ఏళ్ల పిల్లలకు 12 మీటర్లే హద్దు, పక్కన డైవింగ్ సర్టిఫికెట్ ఉన్న అమ్మో నాన్నో, లేదా ఇన్‌స్ట్రక్టరో ఉండాలి. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లు సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్లతో కలిసి 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు.

దీనికీ బసకీ సంబంధం ఉంది. చిన్నపిల్లలుంటే అమ్మానాన్నా వంతులవారీగా దిగాలి. ఒకరు పైకి రాగానే ఇంకొకరు దిగేలా, ఇంటి ముందే పగడపు దిబ్బ ఉండాలి. ఇక్కడివాళ్లు దాన్ని హౌస్ రీఫ్ అంటారు. అది లేని బస ఎంత చవకైనా మాలాంటివాళ్లకు పనికిరాదు.

3. దీవిలో ఏ వైపు?

ఇక్కడ తొందరపడొద్దు. గాలి దాదాపు ఏడాది పొడవునా తూర్పు నుంచే వీస్తుంది. అందుకే పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది, డైవింగ్ అంతా అటే. ప్రధాన పట్టణం క్రాలెండైక్, దానికి ఉత్తరాన హాటో, దక్షిణాన విమానాశ్రయం దాటాక బెల్నెమ్, ఈ వరసలో చూడండి. పట్టణంలో ఉంటే పెద్దవాళ్లు సాయంత్రం నడుచుకుంటూ బజారుకు వెళ్లొచ్చు. ఎదురుగా మనుషులు నివసించని చిన్న దీవి, క్లైన్ బొనేర్, కనిపిస్తుంది. వాటర్ టాక్సీ ఎక్కి అక్కడి ఇసుక తీరానికి వెళ్లొచ్చు.

తూర్పున సోరోబోన్ దగ్గర లాక్ బే ఉంది. చాలా దూరం నడుము లోతు నీళ్లే, అడుగున ఇసుక. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి! కానీ రోజూ డైవ్ చేసేవాళ్లకు అక్కడ బస దూరాభారం. ఒక రోజు కారులో వెళ్లిరండి, చాలు.

4. నీళ్లలోకి దిగే దారి ఫొటో అడగండి

యజమానికి రాసేటప్పుడు గది ఫొటోలు కాదు, ఇది అడగండి. ఇక్కడ ఒడ్డు చాలాచోట్ల ఇసుక కాదు. పాత పగడం గట్టిపడిన గరుకు రాయి. ట్యాంకు వీపున వేసుకుని దాని మీద తడిపాదాలతో నడవడం పెద్దవాళ్లకే కష్టం.

మేం రెండోసారి తీసుకున్న ఇంటికి చిన్న చెక్క జెట్టీ, దానికి ఇనుప నిచ్చెన ఉండేవి. నిచ్చెన ఆఖరి మెట్టు నీళ్లలో మునిగి ఉండేది. మా అమ్మాయి ఆ మెట్టు మీద కూర్చుని అద్దం మసకబారకుండా మాస్కులో ఉమ్మి రాసి, కడిగి, ముఖం నీళ్లలో పెట్టగానే చిలకచేప పగడాన్ని కొరికే కటకట శబ్దం విని తల పైకెత్తి అరిచింది. అత్తయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని, నీళ్ల మీదికొచ్చే గాలి బుడగలు చూస్తూ మేం ఎక్కడున్నామో చెప్పేవారు.

సామాను కడిగే మంచినీటి తొట్టి, ఆరేసే నీడ, రాత్రి తాళం వేసుకునే గది ఉన్నాయో లేదో అడగండి. ట్యాంకులు మార్చుకునే డైవ్ షాపు ఎంత దూరమో కూడా.

5. వంటగది, ఏసీ, కారు

శాకాహారులుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంటే మేలు. సూపర్ మార్కెట్లో బియ్యం, కూరగాయలు దొరుకుతాయి. చింతపండు, పోపుసామాను వెంట తీసుకెళ్లండి. కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, నిశ్చింతగా తాగొచ్చు. చెల్లింపులన్నీ అమెరికన్ డాలర్లలోనే. కొన్ని ఇళ్లలో ఏసీ కరెంటుకు మీటరు ప్రకారం విడిగా వసూలు చేస్తారు, ముందే అడగండి.

డైవింగ్ చోట్ల ఆపిన కార్లలో దొంగతనాలు జరుగుతుంటాయి. కారులో ఏమీ వదలకండి. అందుకే పాస్‌పోర్టులు దాచుకునే లాకర్ బసలో ఉండి తీరాలి.

6. డబ్బు కట్టే ముందు

ఇది నెదర్లాండ్స్‌కు చెందిన దీవే అయినా యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్ పరిధిలోకి రాదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా సంగతి తేలేవరకు, రద్దు చేసుకోగలిగే బుకింగే చేయండి. మెరైన్ పార్కు రుసుము కట్టి, ముందుగా ఒక పరిచయ డైవ్ చేశాకే విడిగా దిగనిస్తారు. ఆ డైవ్ మీ బస దగ్గరే చేయించే షాపు ఉంటే మొదటి రోజు వృథా కాదు. చేతి తొడుగులకు అనుమతి లేదు, పగడానికి హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ కూడా వద్దు.

వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. కాబట్టి ఆఖరి రోజుకు డైవింగ్ పెట్టుకోకండి, గది ఆలస్యంగా ఖాళీ చేసే వీలుందేమో కనుక్కోండి. డైవింగ్ సూట్లు వరండాలో ఆరుతుంటే మేం ఆ రోజంతా జెట్టీ దగ్గరే గడిపాం. మా అమ్మాయి చేయి పట్టుకుని అత్తయ్యగారు కూడా నిచ్చెన మీద రెండు మెట్లు దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పాదాల చుట్టూ తిరుగుతున్న చారల చేపల్ని లెక్కపెట్టారు.