రబ్బరు లెక్కలు – 4వ పాఠం: దిగుమతి అంతా సరఫరా కాదు

జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల సహజ రబ్బరు సరఫరాను పోల్చమని పోయిన పాఠంలో అడిగితే, చాలామంది రెండు దిగుమతి అంకెలను పక్కపక్కన రాసి చేతులు దులుపుకున్నారు. ఒకరైతే జర్మనీకి రబ్బరు పంపే దేశాల్లో నెదర్లాండ్స్ పేరు చూసి, అక్కడ తోటలు ఎక్కడున్నాయని అడిగారు. తోటలు లేవు, రేవు ఉంది. ధరల పాఠం వచ్చేసారి. ముందు ఈ చిక్కు విప్పుదాం.

యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ పట్టికల్లో, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన సరుకుకు అది పుట్టిన దేశం పేరు ఉంటుంది. లోపలి సభ్యదేశం నుంచి వస్తే పంపిన దేశం పేరు ఉంటుంది. థాయిలాండ్ రబ్బరు నెదర్లాండ్స్ రేవు రాటర్‌డ్యామ్‌లో దిగి, అక్కడే కస్టమ్స్ ముగించుకుని లారీలో జర్మనీలోని హానోవర్ చేరితే రెండు పద్దులు పడతాయి: నెదర్లాండ్స్‌కు థాయిలాండ్ నుంచి, జర్మనీకి నెదర్లాండ్స్ నుంచి. రబ్బరు మాత్రం ఒకటే.

నెదర్లాండ్స్ 100 టన్నులు తెచ్చుకుని 80 జర్మనీకి పంపిందనుకుందాం. జర్మనీ నేరుగా మరో 120 తెచ్చుకుంది, బయటికి ఏమీ పంపలేదు. దిగుమతులు చూస్తే నెదర్లాండ్స్ 100కు జర్మనీ 200. ఎగుమతి తీసేస్తే 20కి 200! గోదాముల నిల్వలు కూడా లెక్కలోకి రావాలి గానీ, అవి దొరకనప్పుడు నేను మూడేళ్ల సగటు తీసుకుంటాను.

ఇక నన్ను విసిగించే సంగతి లేటెక్స్, అంటే రబ్బరు చెట్టు పాలు. కస్టమ్స్ కోడ్‌లలో సహజ రబ్బరుది 4001 శీర్షిక, దాని కింద 400110 అంటే లేటెక్స్. గాఢ లేటెక్స్‌లో రబ్బరు దాదాపు 60 శాతమే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. కస్టమ్స్ తూకంలో ఆ నీళ్లూ రబ్బరుగానే చెల్లుతాయి. ఒక దేశం 400 టన్నుల లేటెక్స్, 100 టన్నుల పొగబెట్టిన షీట్లు తెచ్చింది. ఇంకోటి 100 టన్నుల లేటెక్స్, 400 టన్నుల షీట్లు. పట్టికలో రెండూ 500. నీళ్లు తీసేసి పొడి రబ్బరుగా చూస్తే మొదటిది 340, రెండోది 460. అర్థమైందని చెప్పి మొత్తం 4001ని 0.6తో గుణించినవారున్నారు. వద్దు! షీట్లలో నీళ్లు పోయకండి. 0.6 ఒక్క 400110కే. ఎగుమతుల్లోని లేటెక్స్‌కూ ఇదే పని చేయాలి. అది మరిచిపోతే దేశంలో మిగిలిన రబ్బరు ఉన్నదానికంటే తగ్గిపోతుంది. 400130లో బలాటా, గట్టాపెర్చా వంటి వేరే చెట్ల జిగురు పదార్థాలు ఉంటాయి, నేను దాన్ని వదిలేస్తాను.

యూరోస్టాట్ వాణిజ్య డేటాబేస్ కామెక్స్ట్‌లో పరిమాణం 100 కిలోల లెక్కన ఉండే పట్టికలున్నాయి. వాటి నుంచి టన్నులు కావాలంటే 10తో భాగించండి.

అభ్యాసం: 2019 నుంచి 2023 వరకు జర్మనీ, నెదర్లాండ్స్‌ల నికర పొడి రబ్బరు (దిగుమతిలోంచి ఎగుమతి తీసేసింది) ఏడాదివారీగా కట్టండి. ఆంట్‌వెర్ప్ రేవు ఉంది కాబట్టి బెల్జియానికీ అదే చేయండి. తర్వాత జర్మనీకి పంపామని నెదర్లాండ్స్ చెప్పిన అంకెను, నెదర్లాండ్స్ నుంచి వచ్చిందని జర్మనీ చెప్పిన అంకెతో పోల్చండి. రెండూ కలవకపోతే సర్దకండి. తేడాను శాతంలో రాసి పంపండి.