పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, ఓఎస్‌బీ: ఏది ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి

కొత్త ఫ్లాట్‌కి కబ్బోర్డుల కొటేషన్ అడిగితే చాలామంది "ఇంజనీర్డ్ వుడ్" అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. ఆ పేరు కింద చవక బోర్డూ పడుతుంది, ఖరీదైన బోర్డూ పడుతుంది. కాబట్టి రేటు గురించి మాట్లాడే ముందు లోపలి బాక్స్‌కి ఏ బోర్డు, షట్టర్లకి ఏది, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ గ్రేడు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

అన్నిట్లోకీ చవక పార్టికల్ బోర్డు. సుబాబుల్, జామాయిల్ లాంటి కర్రని చిన్న పేళ్లుగా కొట్టి, ఆరబెట్టి, జిగురు పట్టించి, వేడి ప్రెస్సులో అణిచి చేస్తారు. కోసిన అంచు చూస్తే మధ్యలో లావు ముక్కలు, పైనా కిందా సన్న పొడి కనిపిస్తాయి. హైదరాబాద్ వైపు కార్పెంటర్లు ఏ కంపెనీ పార్టికల్ బోర్డునైనా నోవాపాన్ అనేస్తారు, నిజానికి అది ఒక బ్రాండ్ పేరు. మీ కొటేషన్లో ఆ మాట ఉంటే బ్రాండా, మామూలు బోర్డా తేల్చుకోండి.

ఎండీఎఫ్‌కి అదే కర్ర పేళ్లని ఆవిరిలో మెత్తబరిచి పీచుగా విడదీస్తారు. శ్రీకాళహస్తి దగ్గరా, అచ్యుతాపురంలోనూ దీని ఫ్యాక్టరీలు ఉన్నాయి. లోపల ఖాళీలు లేకుండా ఒకే తీరుగా ఉంటుంది కనుక డిజైన్ చెక్కడానికి, పెయింట్ వేసే షట్టర్లకి ఇంతకంటే నున్నటి బోర్డు దొరకదు. నీళ్ల దగ్గర మాత్రం మామూలు ఎండీఎఫ్‌ని నమ్మొద్దు. షాపుల్లో హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అని అమ్మేది దీని చుట్టమే, ఇంకా గట్టిగా నొక్కి, తేమని తట్టుకునే జిగురుతో చేసింది. దానికి తగ్గట్టే బరువూ, ధరా ఎక్కువ.

ఓఎస్‌బీలో పొడి కాదు, పొడుగాటి పల్చటి చెక్క పేళ్లు ఉంటాయి. ఒక పొర నిలువుగా, ఇంకో పొర అడ్డంగా వేసి నొక్కుతారు కాబట్టి బరువు బాగా మోస్తుంది. అమెరికాలో కొత్తగా కడుతున్న ఇల్లు చూడ్డానికి వెళ్లిన మనవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, చెక్క ఫ్రేము మీద గోడలకీ పైకప్పుకీ కొట్టే ఆ గరుకు పసుపు షీట్లు ఎక్కువగా ఇవే. యూరప్ గ్రేడుల్లో తేమ తగిలే చోట బరువు మోయడానికి ఓఎస్‌బీ/3 వాడతారు. మన అపార్ట్‌మెంట్లలో దీని అవసరం పెద్దగా రాదు, ఏ కేఫ్ గోడకో చూడ్డానికి బాగుంటుంది అంతే.

జిగురు బదులు సిమెంటు కలిపి చేసే పార్టికల్ బోర్డు కూడా ఉంది, దాన్ని ఎందుకో మనవాళ్లు పట్టించుకోరు. నీళ్లకి ఉబ్బిపోదు, చెద అంత తేలిగ్గా పట్టదు, మంట అంటుకోవడం కష్టం. పార్టిషన్ గోడలకి, షెడ్లకి చక్కగా పనికొస్తుంది. కాకపోతే బాగా బరువు, కోస్తుంటే బ్లేడ్లు అరిగిపోతాయి.

ఇక ఏది ఎక్కడ పెట్టాలి? బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్, టీవీ యూనిట్, స్టడీ టేబుల్ లాంటి పొడి చోట్ల ప్రీ-లామ్ (ఫ్యాక్టరీలోనే పైన లామినేట్ అతికించిన) పార్టికల్ బోర్డు చాలు, అక్కడ ప్లైవుడ్ కోసం అప్పు చేయక్కర్లేదు. సింకు కింద బాక్స్‌కి మాత్రం 710 గ్రేడు, అంటే నీళ్లని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే పెట్టించండి, నా దృష్టిలో అక్కడ మిగిల్చే డబ్బు మిగులు కాదు. బాత్రూమ్ గోడకి ఆనుకుని వార్డ్‌రోబ్ వస్తుంటే, గోడలో చెమ్మ ఉందేమో ముందు చూసుకుని, వెనక కాస్త గాలి ఆడే సందు వదలమనండి.

ఈ బోర్డులన్నీ పాడయ్యేది ఎక్కువగా అంచుల దగ్గరే. పైన లామినేట్ ఉంటుంది, కోసిన అంచు స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది. అందుకే కనిపించే వైపే కాదు, గోడ వైపు, అడుగు, హింజ్‌ల కోసం తవ్విన గుంటలు, వైర్ల కోసం కొట్టిన బొక్కలు, అన్నీ సీల్ చేయించాలి. మెషిన్ మీద వేడి గమ్ముతో అతికించిన ఎడ్జ్ బ్యాండ్ (అంచుని మూసే పట్టీ), చేత్తో అంటించిన దానికంటే ఎక్కువ కాలం ఆగుతుంది. ఇల్లు తడిగుడ్డతో తుడిచే మన అలవాటుకి బాక్స్ నేరుగా నేల మీద కూర్చోకూడదు, పీవీసీ కాళ్ల మీద నాలుగంగుళాలు లేపండి.

స్క్రూ విషయానికొస్తే, సుత్తితో కొట్టి చివరి రెండు చుట్లు మాత్రం తిప్పే కార్పెంటర్ని అక్కడే ఆపండి. ముందు సన్న బొక్క వేసి, లావు మరలున్న చిప్‌బోర్డ్ స్క్రూ వాడాలి. అంచులోకి బిగించేటప్పుడు మూలకి మరీ దగ్గరగా పెడితే బోర్డు చీలుతుంది. పార్టికల్ బోర్డులో ఒకసారి విప్పిన స్క్రూ మళ్లీ అదే పట్టు పట్టదు, అందుకే తరచూ ఇల్లు మారేవాళ్లు విప్పి బిగించడానికి వీలుగా మినీఫిక్స్ కనెక్టర్లు అడగడం మంచిది. 18 ఎంఎం అరకి పుస్తకాలు పెట్టాలంటే రెండడుగులకో ఆధారం ఉండాలి, లేదంటే కొన్నాళ్లకి మధ్యలో వంగుతుంది.

షాపులో ఐఎస్ఐ గుర్తు పక్కన నంబరు చూడండి: మామూలు పార్టికల్ బోర్డుకి 3087, ప్రీ-లామ్‌కి 12823, ఎండీఎఫ్‌కి 12406. లోపల ఆకుపచ్చగా ఉంటే వాటర్‌ప్రూఫ్ అంటారు, ఆ ఆకుపచ్చ కేవలం కలిపిన రంగు. నమ్మకం కుదరకపోతే ఒక ముక్క అడిగి తెచ్చుకుని, మందం కొలిచి, రాత్రంతా నీళ్లలో ఉంచి పొద్దున మళ్లీ కొలవండి. రెండు బ్రాండ్ల ముక్కలు పక్కపక్కనే పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఘాటు గురించి కూడా అడగండి, ఈ1 గానీ అంతకంటే తక్కువ వదిలే ఈ0 గానీ తీసుకోండి. పని అయ్యాక కొన్ని రోజులు కిటికీలూ, కబ్బోర్డు తలుపులూ తెరిచి ఉంచండి, ముఖ్యంగా పిల్లల గదిలో. ఎండీఎఫ్ కోత ఇంట్లో పెట్టుకోకండి, ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తప్పదంటే బయట కోయించి మంచి మాస్కు పెట్టుకోమనండి. మిగిలిన ముక్కలు కట్టెలపొయ్యిలోకి, నీళ్ల కాగు కిందకి వెళ్లకుండా చూడండి, జిగురూ లామినేటూ కాలిన పొగ మంచిది కాదు.