నహ్హామ్ పాట కోసం పడవ ఎక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముత్యాల వేట పడవల మీద పాట పాడే గాయకుణ్ణి గల్ఫ్ తీరంలో నహ్హామ్ అంటారు. ఏటా వేసవిలో సుమారు నాలుగు నెలలు సాగే ఆ పెద్ద వేట, జపాన్ పెంపుడు ముత్యాలు సంతలోకి వచ్చాక, 1932లో బహ్రెయిన్‌లో చమురు పడ్డాక క్రమంగా మూతపడింది. పాట మాత్రం నిలిచింది. బహ్రెయిన్‌లో ఫిజిరి అని పిలిచే ఈ గానాన్ని యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో పాత తరహా చెక్కపడవ ఎక్కి దీన్ని నేర్చుకోవాలనుకునే గల్ఫ్ తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తాడు లాగే చేతుల గురించి ఆలోచించండి. మన తీరంలో వల లాగేవారికి ‘హైలెస్సా’ అన్నచోట బలం పడినట్లే, ఇక్కడ నహ్హామ్ ‘యామాల్’ అని ఎత్తుకోగానే తక్కినవారు అందుకుంటారు. లంగరు ఎత్తినా, తెరచాప లేపినా, తెడ్లు వేసినా ఆ అందుకునే చోటునే అందరి బలం ఒక్కటవుతుంది. కాబట్టి పని మధ్యలో లయ మార్చడం, ఊపు వచ్చిందని వేగం పెంచడం, ఊపిరి చాలక చరణం అర్ధాంతరంగా వదిలేయడం ప్రమాదకరం: ఒకరు లాగి ఒకరు వదిలితే ఉప్పునీటికి నానిన తాడు జారి అరచేతి చర్మాన్ని ఒలిచేస్తుంది. తాడును ఎన్నడూ మణికట్టుకు చుట్టుకోకండి. ఆపవలసి వస్తే ఏ మాటతో ఆపుతారో ఒడ్డు మీదే అందరికీ చెప్పి ఉంచండి.

మనిషి నీటి అడుగున ఉన్నంతసేపు పాట వద్దని నా గట్టి అభిప్రాయం. గజ ఈతగాడు, అంటే అక్కడివారు ‘ఘైస్’ అనే మనిషి, అడుగు నుంచి తాడు కదిలిస్తేనే పైనున్న ‘సైబ్’ అతణ్ణి లాగుతాడు. ఆ చిన్న కుదుపు మీది నుంచి సైబ్ ధ్యాస ఒక్క క్షణం కూడా మళ్లకూడదు. మీరే మునగదలిస్తే ఒంటరిగా మునగకండి, జలుబు ఉన్న రోజున అసలు వద్దు. చెవిపోటు మొదలైతే వెంటనే పైకి వచ్చేయండి.

ఇక ఎండ. గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. బహ్రెయిన్ ప్రభుత్వమే నడివేసవిలో మధ్యాహ్నపు ఆరుబయటి పనిని నిషేధించిందంటే ఆ ఎండ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ, ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకుని, పాటను తెల్లవారుజాముకూ పొద్దువాలిన తరువాతకూ పెట్టుకోండి. పాతరోజుల ఈతగాళ్లు పగలంతా కాసిని ఖర్జూరాలు, కాఫీతో సరిపెట్టుకుని చీకటి పడ్డాకే కడుపునిండా తినేవారు. అది మునిగేవారి అవసరం, మీరు అనుకరించవద్దు. గొంతు బొంగురుపోతే ఆ పూట మౌనంగా ఉండండి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అని గుర్తించి నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ, పడవను ఒడ్డుకు తిప్పి వైద్య సహాయం పిలిపించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

నహ్హామ్ స్వరం పైన సాగుతుంటే బృందం బాగా కింది స్థాయిలో గొంతు పట్టి నిలబెడుతుంది. మొదటిసారి విన్నవారు ఆ లోతును అందుకోవాలని గొంతు బిగించి నొప్పి తెచ్చుకుంటారు. అందుకే సముద్రం మీదికి వెళ్లకముందే, బహ్రెయిన్‌లోని ముహర్రక్ ఊళ్లో ఈ బృందాలు కూడే ‘దార్’లో అనుమతి అడిగి కొన్ని సాయంత్రాలు ఊరికే కూర్చోండి. అక్కడ జహ్లా అనే మట్టికుండను అరచేతులతో మోగిస్తుంటే, మీరు ముందు చప్పట్ల లెక్క పట్టుకోండి. అది తప్పకుండా వేయగలిగాకే తాడు పట్టుకోండి.