తాగుడు మానాలనుకుంటే బెంగళూరులో ఏఏ మీటింగ్‌ను వెతుక్కోవడం ఎలా?

మద్యం మానాలని నిశ్చయించుకున్న మనిషికి వైద్యం, ఇంటివారి అండ ఎంత అవసరమో, ఆ వ్యసనం నుంచి బయటపడినవారి సాంగత్యం కూడా అంతే అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో తాగుడుకు బానిసలైన ఇద్దరు ఒకరికొకరు ఆసరాగా నిలవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే అందరూ ఏఏ అని పిలిచే సహవాసం, బెంగళూరులో కూడా చాలాకాలంగా మీటింగులు నడుపుతోంది.

అయితే రోజూ తాగే అలవాటున్నవారు మీటింగ్ వెతకడానికి ముందే డాక్టరును కలవాలి. ఏళ్ల తరబడి తాగిన శరీరానికి మద్యం ఒక్కసారిగా అందకపోతే మొదట చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర రాకపోవడం కనిపిస్తాయి. కొందరికి మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనిపించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. మీటింగులో మందులు ఇవ్వరు, వైద్యమూ చేయరు కనుక ఈ రెండింటిలో ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని అనుకోకూడదు.

మీటింగుల వివరాలకు ఏఏ భారతదేశ విభాగం వెబ్‌సైటు చూడవచ్చు; లేదా డీ-అడిక్షన్ వార్డులోని కౌన్సెలర్‌ను అడగవచ్చు. దగ్గరలో ఏ గ్రూపు ఎప్పుడు కలుస్తుందో వారికి సాధారణంగా తెలిసే ఉంటుంది. ఎవరినీ నేరుగా అడగలేని స్థితిలో ఉన్నవారు మత్తు వ్యసనాల జాతీయ సహాయవాణి 14446కు గానీ, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు.

గ్రూపువారితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మొట్టమొదట అడగవలసింది భాష గురించి. ఈ నగరంలో ఇంగ్లిష్, కన్నడ, తమిళ మీటింగులు జరుగుతాయి. మారతహళ్లిలోనో, కె.ఆర్.పురంలోనో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగువారికి కన్నడ బాగానే అర్థమవుతుంది, ఆఫీసులో ఇంగ్లిష్‌తో పని గడిచిపోతుంది. కానీ పొద్దున్నే పళ్లు తోముకోకముందే క్వార్టర్ సీసా కోసం చేయి చాచిన సంగతిని, పిల్లల ఫీజు డబ్బు తాగేసిన సంగతిని పరాయి భాషలో చెప్పబోతే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అందుకని “మీ గ్రూపులో తెలుగువారు ఎవరైనా ఉన్నారా, నేను తెలుగులో మాట్లాడవచ్చా?” అని మొహమాటపడకుండా అడగండి. తెలుగులో జరిగే ఆన్‌లైన్ మీటింగులు ఏవైనా ఉన్నాయేమో కూడా కనుక్కోండి. మొదట్లో ఆన్‌లైన్ తప్పులేదు గానీ, వీలైనంత త్వరగా మనుషుల మధ్యకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న, అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది. ఓపెన్ మీటింగుకు భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనా తోడు రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. స్త్రీలు మహిళల మీటింగు గురించి ప్రత్యేకంగా అడగాలి. దూరం కూడా ముఖ్యమే. సాయంత్రం ఏడింటి మీటింగుకు ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటి వెళ్లవలసి వస్తే మొదటి వారం ఉన్న పట్టుదల మూడో వారానికి మిగలడం కష్టం.

చాలా మీటింగులు చర్చి ఆవరణలోనో, బడి గదిలోనో జరుగుతాయి. అది స్థలం దొరికిన వీలును బట్టే తప్ప, ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదు. అక్కడ మొదటిపేరు చెబితే చాలు, ఊరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వింటారు, మధ్యలో సలహాలివ్వరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే “ఈరోజు వింటాను” అనవచ్చు. మన ఊరివాళ్లెవరైనా చూస్తారేమోననే భయం చాలామందిని గుమ్మం బయటే ఆపేస్తుంది. లోపల కనిపించే ఊరివాడు కూడా అదే అవసరంతో వచ్చినవాడేనని, అక్కడ విన్నది, చూసినది బయట చెప్పకూడదన్నది అందరూ పాటించవలసిన నియమమని గుర్తుపెట్టుకోవాలి. సభ్యత్వానికి కావలసిందల్లా తాగుడు మానాలనే కోరిక. ఫీజు ఉండదు. ఖర్చుల కోసం చందా పళ్లెం తిరుగుతుంది, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా చేరిక రుసుము అడిగితే అక్కడ ఆగకండి.

ఒక్క మీటింగు చూసి నచ్చలేదని మానేయడం సరికాదు. గ్రూపు గ్రూపుకూ మనుషులు, మాటతీరు మారుతాయి కాబట్టి వీలైతే నాలుగైదు చోట్లకు వెళ్లి, మనసుకు దగ్గరగా అనిపించినదాన్ని సొంత గ్రూపుగా ఎంచుకోవాలి. మీటింగు అయిపోగానే గబగబా వెళ్లిపోకుండా కాసేపు నిలబడి ఇద్దరి ఫోన్ నంబర్లైనా తీసుకోండి. శనివారం రాత్రి పీజీలో రూమ్‌మేట్లు సీసా తెరిచినప్పుడు ఆ నంబరే అక్కరకు వస్తుంది. కొన్నాళ్లయ్యాక, మానేసి చాలాకాలమైన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే తన అనుభవంతో మనకు దారి చూపే తోడుగా, ఉండమని కోరవచ్చు.

ఇంటివారికి అల్-అనాన్ అనే వేరే మీటింగులున్నాయి. తాగే మనిషి ఎక్కడికీ రానని మొండికేసినా భార్యో, తల్లో వాటికి వెళ్లవచ్చు.

మధ్యలో మళ్లీ తాగడం జరిగితే తర్వాతి మీటింగుకు వెళ్లి ఆ మాట చెప్పండి, అందుకు ఎవరినీ వెళ్లగొట్టరు. కానీ మళ్లీ రోజుల తరబడి తాగి ఉంటే మాత్రం ఈసారి కూడా సొంతంగా ఆపే ప్రయత్నం చేయకుండా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.