మోచేయి నొప్పి: ముందు ఒక్క వేలితో చోటు చూపండి

మోచేయి నొప్పికి ఏ గోళీ వేసుకోవాలని అడిగేముందు, నొప్పి ఎక్కడుందో ఒక్క వేలు పెట్టి చూపించండి. వేలు మోచేతి బయటివైపు ఎముక గుబ్బ మీద పడితే ఒక జబ్బు, లోపలి గుబ్బ మీద పడితే ఇంకొకటి, వెనక మొన మీదైతే మరొకటి. చోటు చూపలేక అరచేత్తో చేయంతా తడిమి చూపేవాళ్లకు చాలాసార్లు తప్పు మోచేతిలో ఉండదు. మెడలోనో నరంలోనో ఉంటుంది. అన్నిటికీ ఒకే సూది పొడిపించుకుంటే నయం కాకపోవడానికి ఇదే కారణం.

ఇంట్లో చేయి పెట్టకూడనివి

కిందపడ్డాక మోచేయి వాచి, పూర్తిగా చాచలేకపోతే ఎముక విరిగిందనే అనుకొని ఎక్స్‌రే తీయించాలి. నూనె రాసి గుంజడం, తోమించడం అసలే వద్దు. దెబ్బ తగిలిన మోచేతిని తోమితే కండలోపల ఎముక పెరిగి, చేయి వంగకుండా గట్టిపడిపోతుంది. మోచేతికి ఈ ముప్పు మిగతా కీళ్లకంటే ఎక్కువ.

జామచెట్టు మీంచి పడ్డ పిల్లల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఐదు నుంచి పదేళ్ల వయసులో మోచేతికి కాస్త పైన ఎముక విరగడం మామూలే. చేయి ఉన్న భంగిమలోనే చెక్కపట్టీనో అట్టనో ఆనించి, వదులుగా గుడ్డ కట్టి, ఎముకల డాక్టరున్న దవాఖానకు తీసుకుపోవాలి. వేళ్లు తెల్లబడ్డా, చల్లబడ్డా, వేళ్లను మెల్లగా చాచినప్పుడు పిల్లవాడు విలవిల్లాడినా రక్తం సరిగా అందడం లేదని లెక్క. కొన్ని గంటలు ఆలస్యమైతే చేయి కొంకర్లు పోతుంది. బిగించి కట్టే నాటు కట్లతో వచ్చే పెద్ద ప్రమాదం ఇదే.

నాలుగేళ్లలోపు పిల్లలను చేయి పట్టి లేపినప్పుడు, ఆ చేయి కదపకుండా వేలాడేస్తే, వాపు లేకపోతే, చిన్న ఎముక పక్కకు జరిగి ఉంటుంది. తెలిసిన డాక్టరు ఒక్క తిప్పుతో సరిచేస్తాడు. పడిన ఆనవాలు ఉంటే మాత్రం తిప్పకూడదు.

ఎడమ చేయి గుంజుతూ ఛాతీలో బరువు, చెమటలు ఉంటే మోచేతి గురించి ఆలోచించక 108కి ఫోన్ చేయండి.

బయటి గుబ్బ నొప్పి

అందరూ టెన్నిస్ ఎల్బో అనేది ఇదే. టెన్నిస్ బ్యాటు ముట్టనివాళ్లకే మన దగ్గర ఎక్కువ. మణికట్టును పైకి లేపే కండలన్నీ ఈ గుబ్బకు అతుక్కొని ఉంటాయి. గట్టిగా పట్టుకొని, మణికట్టును బిగబట్టి, ఒకే పనిని వందలసార్లు చేస్తే ఆ అతుకు అరుగుతుంది. పత్తి ఏరేవాళ్లకు, తాపీ పట్టే మేస్త్రీలకు, వీపున మందు పంపు మోస్తూ పిడి కొట్టే రైతులకు, జొన్నరొట్టె చేసి బట్టలు పిండే ఆడవాళ్లకు వచ్చేది ఇదే. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టే పనిలో, చేత్తో అయితే ఒక్క చీరకే దారాన్ని సుమారు 9 వేలసార్లు మేకుల చుట్టూ తిప్పాలి. ఆసు పోసే తల్లి భుజం, మోచేతి బాధ చూసి నేతన్న చింతకింది మల్లేశం ఆ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ జబ్బుకు అసలు మందు పని తీరు మార్చడమేనని చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు.

పరీక్ష ఇలా చేసుకోవచ్చు. చేయి ముందుకు చాచి, అరచేయి నేలవైపు పెట్టి, పిడికిలి బిగించి మణికట్టు పైకి లేపండి. ఇంకొకరు పిడికిలిని కిందికి నొక్కాలి. బయటి గుబ్బ దగ్గర చురుక్కుమంటే ఇదే. మోచేయి వంచకుండా ప్లాస్టిక్ కుర్చీ వీపును పైనుంచి పట్టి లేపినా అంతే నొప్పి వస్తుంది. ఈ రెండూ నొప్పి లేకుండా అయితే వేరే కారణం వెతకాలి. దీనికి ఎక్స్‌రే అవసరం దాదాపు పడదు.

ఇది వాపు జబ్బు కంటే అరుగుదల జబ్బు. అందుకే నొప్పి గోళీలు బాధను తగ్గిస్తాయి తప్ప అతుకును బాగుచేయవు. డైక్లోఫెనాక్ జెల్ రోజుకు మూడు నాలుగుసార్లు ఆ చోట రాస్తే చాలామందికి సరిపోతుంది. గోళీ తప్పనిసరైతే ఐదారు రోజులకు మించొద్దు. బీపీ, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

స్టెరాయిడ్ సూది సంగతి విడిగా చెప్పాలి. వేసిన నాలుగు రోజులకే హాయిగా ఉంటుంది, ఓ ఆరు వారాలు అలాగే గడుస్తుంది. కానీ ఏడాది తిరిగేసరికి సూది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉంటారని, వేయించుకున్నవాళ్లలో నొప్పి మళ్లీ రావడం ఎక్కువని పరీక్షల్లో తేలింది. ఆ చోట చర్మం పలచబడి తెల్లమచ్చ పడొచ్చు, షుగరున్నవాళ్లకు కొన్నాళ్లు షుగరు ఎగురుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పదేపదే వేయించుకుంటే అతుకు తెగే ప్రమాదముంది.

మేలు చేసేది వ్యాయామం. మొదటి రెండు వారాలు ఇంతే: ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి పెట్టి, నొప్పి చేతి మణికట్టును పైకి లేపుతుంటే రెండో చేత్తో కదలనివ్వకుండా అదిమిపట్టాలి. 30 నుంచి 45 సెకన్లు, ఐదుసార్లు, రోజుకు రెండు పూటలా.

తర్వాత బరువు. అర లీటరు నీళ్ల సీసా చాలు, అది సుమారు అర కిలో. ముంజేయి బల్ల మీద, మణికట్టు అంచు బయట, అరచేయి కిందికి. సీసా పట్టుకున్న చేతిని రెండో చేతి సాయంతో పైకి లేపి, సాయం వదిలేసి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దించాలి. మళ్లీ లేపేటప్పుడు సాయం తప్పనిసరి. 15 చొప్పున మూడు విడతలు, మధ్యలో ఓ నిమిషం విశ్రాంతి. పదికి మూడు నాలుగు మార్కుల నొప్పి వచ్చినా పర్వాలేదు, మర్నాడు పొద్దుటికి దిగిపోతే సరే. పొద్దున లేచేసరికి నొప్పి ముందురోజుకంటే ఎక్కువుంటే బరువు ఎక్కువైందని అర్థం, తగ్గించండి. సులువైపోతే ఒక కిలో దాకా పోవచ్చు.

ఇది ఫలించకపోవడానికి కారణాలు మామూలువే: వారానికే మానేయడం, గబగబా దించడం, ఒక్క చేత్తోనే పైకి ఎత్తడం, పొద్దున వ్యాయామం చేసి మధ్యాహ్నం పాత తీరులోనే పని చేయడం. కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టుకోవాలి. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు పోతుంది, ఆపరేషన్ దాకా వచ్చేది కొందరికే.

మందుల షాపుల్లో దొరికే మోచేతి బెల్టును నేరుగా గుబ్బ మీద కడతారు, అది తప్పు. గుబ్బకు రెండు వేళ్ల కింద, కండ ఉబ్బిన చోట కట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కితే వదులు చేయాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. పనిలో బాధ తగ్గించడానికే అది.

పనిలో మార్చగలిగేవి: బిందె, తట్ట ఎత్తేటప్పుడు అరచేతులు పైకి, మోచేతులు ఒంటికి దగ్గరగా. పార, కొడవలి పిడి సన్నగా ఉంటే పాత సైకిల్ ట్యూబు చుట్టండి. పిడి లావైతే పట్టు బిగువు తగ్గుతుంది. పొలంలో మందు కొట్టడానికి చేతిపంపు బదులు బ్యాటరీ పంపు. బట్టలు పిండకుండా నీళ్లు కారేలా ఆరేయండి.

లోపలి గుబ్బ, వెనక మొన

లోపలి గుబ్బ నొప్పికి పైన చెప్పిన వైద్యమే, అరచేయి మాత్రం పైకి పెట్టి చేయాలి. వెనక మొన మీద మెత్తగా కోడిగుడ్డంత వాపు వస్తే అక్కడి నీటి సంచి ఉబ్బినట్టు. బల్ల మీద మోచేయి ఆనించడం మానేస్తే చాలావరకు కొన్ని వారాల్లో దిగుతుంది. ఎర్రబడి, కాలుతూ, జ్వరం వస్తే చీము పట్టింది, అదేరోజు డాక్టరును కలవాలి. పిన్నీసుతో పొడిచి ఖాళీ చేయాలని చూడొద్దు.

ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరి

ఈ రెండు వేళ్లే మొద్దుబారితే మోచేతి లోపలిపక్క గాడిలో నరం నలుగుతున్నట్టు. మోచేయి పూర్తిగా వంచి ఒక నిమిషం ఉంచితే తిమ్మిరి పెరుగుతుంది. వంచిన చేయి మీద పడుకోవడం, చెవికి ఫోన్ ఆనించి గంటలకొద్దీ మాట్లాడటం మానాలి; రాత్రి మోచేతికి మెత్తటి తువ్వాలు చుట్టుకుంటే వంగదు. చేతి కండ కరిగిపోతుంటే, పట్టు జారుతుంటే జాగు చేయొద్దు.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ నరం తాడులా లావెక్కి తగులుతుంటే, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. సర్కారు పీహెచ్‌సీలో మందులు ఉచితం, తొందరగా మొదలుపెడితే వేళ్లు వంకర పోవు.

నొప్పి కంటే బిగుసుకుపోవడం ఎక్కువైతే

నల్లగొండ వైపు, ముఖ్యంగా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు లాంటి చోట్ల ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్లకు రెండు మోచేతులూ పూర్తిగా చాచలేకపోవడం, మెడ, నడుము బిగుసుకుపోవడం ఉంటే ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అనుమానించాలి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది. బిగిసిన ఎముకను మందు తిరిగి మార్చలేదు, ముదరకుండా ఆపడమే చేయగలం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికే కాదు, వంటకూ అవే వాడాలి. పాలు, పెరుగు, ఉసిరి తినాలి. నల్ల ఉప్పు, పాలు లేని చాయ్ తగ్గించాలి. బోరు నీళ్లు మరగబెట్టి తాగితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది.