మంటలు లెక్కపెట్టకండి: ఫైర్ స్టేషన్ సీరియల్‌కు సమీక్ష రాసే పద్ధతి

‘చికాగో ఫైర్’ లాంటి సీరియల్‌లో నాలుగైదు ఎపిసోడ్లకు కలిపి ఒక సమీక్ష రాయమంటే చాలామంది ఒకే పని చేస్తారు. మొదటిదాంట్లో ఇల్లు తగలబడింది, రెండోదాంట్లో కారు నుజ్జయింది, మూడోదాంట్లో ఎవరో ఎక్కడో ఇరుక్కున్నారు అంటూ వరసగా చెప్పుకుపోతారు. చివర్లో ‘నటీనటులు పాత్రల్లో ఒదిగిపోయారు’ అని ఒక ముక్క తగిలిస్తారు. దాన్ని సమీక్ష అనడానికి నాకు మనసొప్పదు. నేను చాలాకాలం ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేసి, ఇప్పుడు సీరియళ్ల మీద రాస్తున్నదాన్ని. అందుకని తీసేవాళ్ల మీదా చిరాకు ఉంది, చూసి కూడా అడగని సమీక్షకుల మీదా చిరాకు ఉంది. నేను రాసే పద్ధతి ఇది.

ముందు ఏ ఎపిసోడ్లు తీసుకోవాలన్నది తేల్చుకోండి. ‘చికాగో ఫైర్’ 2012 అక్టోబరు 10న అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో మొదలైంది. తొలి సీజన్‌కే 24 ఎపిసోడ్లు. వాటిలోంచి కళ్లు మూసుకుని వరసగా నాలుగు తీసుకుంటే కథలు అటూ ఇటూ తెగిపోతాయి. ఈ తరహా సీరియల్‌లో ప్రతి ఎపిసోడ్‌కూ రెండు రకాల కథలు ఉంటాయి. సైరన్‌తో మొదలై ఆ గంటలోనే ముగిసేది ఒకటి. బండి తిరిగి వచ్చాక కూడా స్టేషన్‌లో మిగిలిపోయేది రెండోది. సమీక్ష నిలబడాల్సింది ఆ రెండోదాని మీద. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ మేరకు ఎపిసోడ్లు తీసుకోండి. మూడైతే మూడు, ఆరైతే ఆరు.

తొలి సీజన్‌నే చూడండి. డార్డెన్ అనే ఫైర్‌ఫైటర్ మరణంతో కథ మొదలవుతుంది. నిచ్చెనల బండి ‘ట్రక్కు’ బృందానికి లెఫ్టినెంట్ కేసీ, కష్టమైన రక్షణ పనులు చేసే ‘స్క్వాడ్’ బృందానికి లెఫ్టినెంట్ సెవరైడ్ ఆ చావుకు నువ్వంటే నువ్వు కారణమని ఎడమొహం పెడమొహంగా ఉంటారు. అది ఒక కథ. సెవరైడ్ తన గాయాన్ని పైవాళ్లకు చెప్పకుండా మందులతో నెట్టుకొస్తుంటాడు. అది ఇంకొకటి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మూడోది. ఒక కుర్రవాడు తాగి కారు నడిపి ప్రమాదం చేస్తాడు. చూసినదాన్ని కేసీ ఉన్నదున్నట్టు చెప్తాడు. ఆ కుర్రవాడి తండ్రి వాయిట్ పోలీసు డిటెక్టివ్. మాట మార్చుకోమని మొదట మెత్తగా అడుగుతాడు, తర్వాత బెదిరిస్తాడు. ఇక్కడ ఆర్పడానికి మంట లేదు. మంటలోకి దూకే మనిషి ఒక కాగితం మీద తను చెప్పిన మాటకు కట్టుబడి ఉండగలడా అన్నదే పరీక్ష. ఆ ప్రతినాయకుడు ఎంత బాగా కుదిరాడంటే, 2014 జనవరిలో అతణ్ని ముందు పెట్టుకుని ‘చికాగో పీడీ’ అని పోలీసుల మీద వేరే సీరియలే మొదలుపెట్టారు. ఆ కథ నడిచిన ఎపిసోడ్లకు సమీక్ష రాస్తూ నీళ్ల పైపుల గురించి నాలుగు పేరాలు రాసేవాళ్లను నేను క్షమించలేను.

చూడటం రెండుసార్లు. మొదటిసారి చేతిలో కలం వద్దు. మామూలు ప్రేక్షకుల్లా చూడండి, ఏడుపొస్తే ఏడవండి. రెండోసారి నోట్‌బుక్‌లో ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో పేజీ తీసి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కాల్: ఎక్కడికి వెళ్లారు, ఏం జరిగింది. కుడివైపు, తిరిగి వచ్చాక ఎవరి మొహంలో, ఎవరి మాటలో అది మిగిలింది. ఎడమవైపు నిండి, కుడివైపు ఖాళీగా ఉన్న ఎపిసోడ్ మీకు కనిపిస్తే అది బలహీనమైన ఎపిసోడ్ అన్నమాటే, పేలుడు ఎంత ఘనంగా ఉన్నా సరే.

అదే పేజీ అడుగున అంబులెన్స్ కనిపించిన నిమిషాలు వేసుకోండి. ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్ నలభై నిమిషాల పైచిలుకు ఉంటుంది. అందులో పారామెడిక్కులకు, అంటే అంబులెన్స్‌లో వచ్చి అక్కడికక్కడే వైద్యం చేసేవాళ్లకు, దక్కేది చాలా ఎపిసోడ్లలో ఎంత కొంచెమో మీకే తెలుస్తుంది. నిజానికి అమెరికాలో అగ్నిమాపక శాఖలకు వచ్చే కాల్స్‌లో సగానికి మించి వైద్యానికి సంబంధించినవే. సీరియల్‌లో లెక్క తలకిందులవుతుంది. కారణం ఊహించడం కష్టం కాదు. మంట కెమెరాకు అందంగా ఉంటుంది, ఛాతీ నొప్పితో సోఫాలో కూర్చున్న పెద్దాయన ఉండడు. అయినా ఈ మాట మీ సమీక్షలో రావాలి. ఇద్దరు పారామెడిక్కులను కథానాయికల్లో పెట్టి, వాళ్లను ఎక్కువగా ఎవరి ప్రేమలో ఎవరున్నారనే సంభాషణలకే వాడుకుంటే అది రచయితల లోపం.

ఇక బండ్ల సంగతి. సీరియల్‌లో స్టేషన్ పేరు ఫైర్‌హౌస్ 51. అక్కడ ఇంజిన్ 51, ట్రక్ 81, స్క్వాడ్ 3, అంబులెన్స్ 61 ఉంటాయి. నీళ్లు, పైపులు ఇంజిన్‌వి. నిచ్చెనలు వేయడం, తలుపులు బద్దలుకొట్టడం, లోపల వెతకడం, పొగ పోవడానికి పైకప్పు కోయడం ట్రక్కు పని. చిక్కుముడి లాంటి రక్షణ పనులకు స్క్వాడ్. అందుకే ‘కేసీ పైపు పట్టుకుని మంటలు ఆర్పాడు’ అని రాసేముందు ఒకసారి దృశ్యం మళ్లీ చూసుకోండి. ఇందులో ఒక విచిత్రం ఉంది, ఎవరూ రాయగా నేను చూడలేదు. మంటలు ఆర్పే సీరియల్‌లో అసలు మంట మీద నీళ్లు కొట్టే ఇంజిన్ సిబ్బందికి తొలి సీజన్లలో మొహాలే సరిగా ఉండవు. ట్రక్కు సిబ్బందిలోని హెర్మన్ దానికి లెఫ్టినెంట్ అయ్యేదాకా ఆ బండి దాదాపు అనాథే.

సాంకేతిక తప్పులు పట్టేటప్పుడు రాజీని, మోసాన్ని వేరుచేయండి. నిజమైన ఇంటి మంటలో పొగ నల్లగా కమ్మేసి చెయ్యి కూడా కనిపించదు. అలాగే తీస్తే మనకు నల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. కాబట్టి పలచటి పొగ రాజీ, దాన్ని వదిలేయండి. నటుడి మొహం కనిపించాలని మాస్కు కాస్త ముందే తీయించడమూ రాజీయే అనుకుందాం. కానీ ఒక మనిషి ఊపిరాడక పడిపోయిన నడవాలోనే, మరుసటి నిమిషం ఇద్దరు మాస్కులు తీసి తీరిగ్గా వాదించుకుంటే అది మోసం. ఇక్కడ సమీక్షకులకూ ఒక మాట. వాళ్ల వీపు మీద ఉన్నది ఆక్సిజన్ సిలిండర్ కాదు, ఒత్తిడితో నింపిన మామూలు గాలి. అది తగ్గుతుంటే హెచ్చరిక మోగుతుంది. మనిషి ముప్పై సెకన్లపాటు కదలకపోతే ఒంటికి తగిలించిన అలారం పెద్దగా అరుస్తుంది. పడిపోయిన ఫైర్‌ఫైటర్ దగ్గర ఆ చప్పుడు వినిపిస్తోందా లేదా అని చెవి పెట్టి వినండి. సంగీతం కింద దాన్ని తొక్కేసిన దర్శకుడికి, ఆ చప్పుడునే సంగీతంగా వాడుకున్న దర్శకుడికి ఉన్న తేడా గురించి ఒక పేరా రాయొచ్చు.

వైద్యం విషయానికి వస్తే నేను కొంచెం కటువుగా ఉంటాను. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కుతున్నప్పుడు మోచేతులు వంగకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నటించే మనిషి ఛాతీ మీద అంత గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు కాబట్టి తెర మీద మెత్తగా నొక్కినా నేను ఏమీ అనను. మోనిటర్ మీద గీత ఎగుడుదిగుడు లేకుండా అడ్డంగా సాగిపోతుంటే షాక్ ఇవ్వడం మాత్రం సహించను. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నప్పుడు, అందులోనూ కొన్ని లయలకే షాక్ పనిచేస్తుంది. విద్యుత్ చలనమే లేని గుండెకు షాక్ ఇచ్చి లాభం లేదు, ఛాతీ నొక్కుతూ మందు ఇవ్వాలి. ఇది ప్రాథమిక పాఠం. లక్షలు పోసి తీసే సీరియల్‌లో ఇది తప్పితే రాయండి, మొహమాటం వద్దు.

బతికినవాళ్లను కూడా లెక్కపెట్టండి. 1996లో అమెరికాలో మూడు టీవీ కార్యక్రమాలను పరిశీలించి ఒక వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. తెర మీద ఇలా ఛాతీ నొక్కి చికిత్స చేసిన రోగుల్లో 75 శాతం మంది అప్పటికి బతికారు, 67 శాతం మంది ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినట్టు చూపించారు. వాస్తవంలో ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో ప్రాణాలతో ఇల్లు చేరేది అమెరికాలో దాదాపు పదిమందిలో ఒకరు. మీరు చూసిన ఎపిసోడ్లలో ఎంతమందికి చేశారో, ఎంతమంది లేచి కూర్చున్నారో రాసుకోండి. ఆ అంకెను ఊరికే ఎత్తిపొడవడానికి వాడకండి. అందరూ బతికే లోకంలో ఒక రోగి చనిపోయినప్పుడు ఆ చావుకు రచయితలు ఎంత విలువ ఇచ్చారు, ఆ పారామెడిక్ తర్వాతి కాల్‌కు ఎలా వెళ్లింది అని అడగండి.

సిబ్బందిలో ఒకరు చనిపోయే ఎపిసోడ్లు వస్తే మీ పని కష్టమవుతుంది, రుచి కూడా వస్తుంది. రెండో సీజన్ చివర భవనం పేలిపోతుంది. పారామెడిక్ షే చనిపోయిందని మూడో సీజన్ మొదట్లో తెలుస్తుంది. ఇది 2014 నాటి సంగతి కాబట్టి దాచకుండా చెప్తున్నాను. అంత్యక్రియల దృశ్యం ఎలా ఉందని రాయడం తేలిక. నేను చూసింది అంబులెన్స్‌లో ఖాళీ అయిన సీటును. అందులోకి బ్రెట్ అనే కొత్త అమ్మాయి వస్తుంది. చనిపోయిన స్నేహితురాలి చోట కూర్చున్న మనిషితో, షేతో కలిసి పనిచేసిన పారామెడిక్ డాసన్ ఎలా మాట్లాడుతుంది? ఎన్ని ఎపిసోడ్ల తర్వాత షే పేరు మామూలుగా నోట్లోకి వస్తుంది? దుఃఖానికి ఎన్ని ఎపిసోడ్ల ఆయుష్షు ఇచ్చారన్నది మీ సమీక్షకు వెన్నెముక కాగలదు. అలాంటి ప్రశ్న ఒక్క ఎపిసోడ్ చూసినవాళ్లకు దొరకదు. నాలుగైదు కలిపి రాయడంలో ఉన్న లాభం ఇదే.

పోలిక కావాలంటే 1972 జనవరిలో ఇదే ఎన్‌బీసీలో మొదలైన ‘ఎమర్జెన్సీ!’ని చూడండి. లాస్ ఏంజెలిస్ కౌంటీలో ఒక స్టేషన్, దాని అంకె కూడా 51, గేజ్, డిసోటో అనే ఇద్దరు పారామెడిక్కులు. కాలిఫోర్నియాలో పారామెడిక్కులకు దారి తెరిచిన 1970 నాటి చట్టం చుట్టూ తొలి కథ నడుస్తుంది. అప్పటికి ఆ ఉద్యోగమే కొత్తది. అందుకే అందులో సొంత జీవితాలు తక్కువ, పని ఎక్కువ. ఇప్పటి సీరియల్ ఆ పాళ్లను మార్చేసింది. ఏది మేలో మీరు తేల్చుకోండి, నా ఓటు మాత్రం పనికే.

ఊరి సంగతి ఒక్క మాటలో. బయటి దృశ్యాల్లో కనిపించే స్టేషన్ చికాగోలో నిజంగా పనిచేసే ఇంజిన్ 18 భవనం. ఆ ఊరి ఫైర్ బండ్లకు ఎర్ర దీపంతో పాటు కుడివైపు ఆకుపచ్చ దీపం కూడా ఉంటుంది. సీరియల్‌లోనూ ఉంది. మెచ్చుకోదగ్గ చోట మెచ్చుకోండి.

రాయడానికి కూర్చున్నాక ఎపిసోడ్ వారీగా నక్షత్రాలు ఇవ్వకండి. ‘మూడో ఎపిసోడ్‌లో వాయిట్, కేసీల మధ్య వివాదం ముదిరి ఉత్కంఠ పెరిగింది’ అనే వాక్యం పాఠకుడికి ఏమీ ఇవ్వదు. ‘మంటలో ఒక్క క్షణం కూడా తడబడని కేసీ, వాయిట్ గొంతు తగ్గించి మాట్లాడినప్పుడు చూపు తిప్పుకుంటాడు’ అని రాస్తే ఇస్తుంది. అయితే అలాంటి క్షణం నిజంగా ఉంటేనే రాయాలి, దాని నిమిషం మీ పేజీలో ఉండాలి. ఒక్కో సమీక్షకు అలాంటివి రెండు చాలు. మిగతా కాల్స్‌ను అరవాక్యంలో తేల్చేయండి. మీరు తీసుకున్నవాటిలో వదిలేసినా నష్టం లేని ఎపిసోడ్ ఉంటే దాని అంకె సూటిగా చెప్పండి. ఇంకో సీరియల్‌తో ముడిపెట్టిన ఎపిసోడ్ ఉంటే ఆ రెండోదీ చూసి రాయండి, లేదా ఆ ఎపిసోడ్‌ను పక్కన పెట్టండి. కథ బయటపెడుతున్నట్టయితే ఆ హెచ్చరిక మొదటి వాక్యంలోనే ఉండాలి. చనిపోయినవాళ్ల పేరు శీర్షికలో పెట్టేవాళ్లతో నేను మాట్లాడను.